ఇటుక గోడ అని చెప్పాను

చిన్నదానికి తల దువ్వుతుంటే దువ్వెన పళ్ల మధ్య ఎర్రమట్టి వచ్చింది. ఏసీ కింద మంచం మీద పడుకుని అప్పుడే నిద్ర లేచింది అది. తల ఎత్తి ఏసీ వైపు చూశాను. అయినా ముందు పెద్దవాణ్ణే పిలిచాను.

"గోడ గీకినవారా?"

"నేను గీకలే మమ్మీ, ఒట్టు."

చెంప మీద కొట్టాను. కొడుతున్నప్పుడే తెలుసు, అది వాడి పని కాదని.

ఆర్మూర్‌లో మా అత్తగారిది ఒకప్పుడు పసుపు బస్తాలు నిల్వ చేసిన పాత ఇల్లు. గోడలు మూరెడు మందం. పైన సున్నం, లోపలంతా మట్టి. ఎండలకు పిల్లల ఒళ్లంతా చెమటకాయలు లేస్తే పట్టుబట్టి ఏసీ కొనిపించాను. రెండు వారాల కింద బిగించడానికి వచ్చిన మెకానిక్ గోడను వేళ్లతో తట్టి చూశాడు.

"అక్కా, గిది మట్టి గోడనా? మట్టిదైతే స్క్రూ పట్టది. చెక్క ఫ్రేము చేపియ్యాలె, వారం పడతది."

నాకు వారం ఆగే ఓపిక లేదు. "ఇటుక గోడనే అన్నా" అన్నాను. డ్రిల్లు పెట్టగానే ఎర్రటి పొడి రాలింది. అతను అనుమానంగా చూశాడు.

"ఇటుక పొడి ఎర్రగుండక తెల్లగుంటదా?" అని నవ్వాను. అతనూ నవ్వాడు. ఏటా ఆ గోడకు మట్టి మెత్తి సున్నం వేసే అత్తమ్మ గడపలో నిలబడి అంతా విన్నది. బయటివాడి ముందు కోడలి మాట కాదనలేక ఊరుకుందనుకున్నాను.

ఇప్పుడు మంచం ఎక్కి చూస్తే ఏసీ వెనక నా వేలు దూరేంత సందు. అత్తమ్మ వచ్చి మంచం ఒక కొస పట్టుకుంది.

"ముందుగాల గీ మంచం గుంజు. సదువుకున్నదానివి, ఎర్కుండే చెప్తున్నవనుకున్న బిడ్డా."

తిట్టి ఉన్నా ఇంత సిగ్గనిపించేది కాదు.

సాయంత్రం మెకానిక్ ఏసీ దించుతుంటే దాంతోపాటే గోడ పెళ్ల ఒకటి ఊడి కింద పడింది. సరిగ్గా చిన్నది తల పెట్టుకునే చోట.

"మీ మాట నమ్మి ఎక్కిచ్చిన అక్కా. పొల్లకు ఏమన్నయితే ఊరంత నన్నే అంటుండె" అన్నాడు.

తెల్లారి పిల్లలిద్దరినీ పక్కన కూర్చోబెట్టుకున్నాను. "అన్న గోడ గీకలే. అది మట్టిదని నాకు ముందే తెల్సు. ఏసీ జల్ది కావాలని అబద్ధం చెప్పిన" అని చిన్నదానికి చెప్పి, పెద్దవాడి వైపు తిరిగాను. "నా తప్పు నీ మీదేసి కొట్టిన బిడ్డా."