ఊరి చెంప

కోరుట్ల బస్టాండు వెనక బ్యూటీ పార్లర్ నడిపే ఊర్మిలకు రెండు చెంపలున్నా, కుడిది ఒక్కటే తనది. ఎడమది ఊరిది. చిన్నప్పట్నుంచీ మొటిమల ముఖం కావడంతో, ఏ కొత్త క్రీమైనా ముందు ఆ చెంపకే రాసుకొని కొన్నాళ్లు ఆగుతుంది. అక్కడ పొక్కకపోతేనే అద్దాల అల్మారాలో పెడుతుంది. అందుకే ఆడవాళ్లు అల్మారా వైపు చూడనే చూడరు. ఎవరైనా "గీ క్రీము మంచిదేనా?" అంటే, కనుబొమలు తీస్తున్న ఊర్మిల పళ్ల మధ్య దారం వదలకుండానే మెడ తిప్పి ఎడమ చెంప చూపిస్తుంది.

ఒకరోజు పార్లర్‌కు వచ్చే ఫౌజియా, దుబాయ్ నుంచి తన అన్న పంపిన సముద్రపు నాచు జెల్లు తెచ్చింది. "అక్కా, గిది రాస్తే రంధ్రాలు మూసుకపోయి మొటిమలైతయట, నిజమేనా?"

"ఒగలకు పడ్తది, ఒగలకు పడదు. నువ్వాగు, నేను రాసి చూస్త."

సరిగ్గా ఊర్మిల పెళ్లిచూపుల నాటికి, జెల్లు రాసిన ఎడమ చెంప ఎర్రగా పొక్కింది. "చూపుల ముంగట గీ మొఖమేందే?" అని తల్లి తల కొట్టుకుంది. ఊర్మిల మొదటిసారి కుడి చెంప మాత్రమే కనబడేలా కూర్చుంది.

మల్లాపూర్ నుంచి వచ్చిన పిల్లవాడి తల్లి చాయ్ పక్కన పెట్టి లేచింది. చుట్టూ తిరిగొచ్చి ఎడమ పక్కన కూర్చుంది. ఆవిడ ఆ చెంపను తేరిపార చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"గిది ఏ క్రీము బిడ్డా? నాచుదైతే చెప్పు, మా చిన్నదానికి నిన్ననే కొన్న."

"నాచుదే అత్తమ్మా," అనేసి ఊర్మిల నాలుక కరుచుకుంది.