చీరల పెట్టెల్లో ఇంగ్లీషు

ఇది రాయకూడదనే అనుకున్నాను. పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు ఎవరైనా రాస్తారు, పైగా నా చేతిరాత నాకే సరిగ్గా చదవరాదు. కానీ పోయిన నెల నంద్యాలలో మా ఊరి బడి ఇంగ్లీషు టీచరమ్మ చనిపోయిందని తెలిసిన రోజు, అంగట్లో లామినేషన్ మిషన్ ఊరికే వేడిచేసుకుని కూర్చున్నాను. అప్పటినుంచి చెయ్యి ఊరుకోవడం లేదు.

ఆళ్లగడ్డ బస్టాండు పక్కన నాది జిరాక్సు అంగడి. బడిలో చదివింది కొంచెమే. మిగతా చదువంతా మిషన్ మీదుగా పోయే కాగితాల్లోంచి ఏరుకున్నాను. అందుకే నాకు పొలం పాసుపుస్తకాల భాష, శుభలేఖల భాష బాగా వచ్చు. సరే, నా సంగతి వదిలేద్దాం.

టీచరమ్మ రోజూ నంద్యాల నుంచి మా ఊరి బడికి బస్సులో వచ్చేది. ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మల కార్డులు, మాటల ఆటలు పెన్‌డ్రైవులో తెచ్చి ప్రింటు తీయించేది. దాచేది మాత్రం చీరల అట్టపెట్టెల్లో. బట్టలంగట్లో ఖాళీవి అడిగి తెచ్చుకునేది. బడి బీరువాకు చేర్చేలోగా ఇంట్లో అవి పెరిగిపోతుంటే వాళ్లత్త నిలదీసిందట: "ఏమ్మే, ఇన్ని చీరలు కొంటాండావే, కట్టేది మటుకు ఆ పాతవేనా?" ఈ కథ ఆమె చెబుతుంటే అంగట్లో నిలబడినవాళ్లంతా నవ్వేవాళ్లు.

పెట్టెల మీద తరగతి, పాఠం పేర్లు ఉండవు. ఎట్లాంటి రోజుకు ఏ పెట్టో రాసి ఉంటుంది. ముహూర్తాల రోజు సగంమంది రాకపోతే, వచ్చినవాళ్లతో ఆడించడానికి పెళ్లిళ్ల పెట్టె. పైఅధికారులు వచ్చినప్పుడు చూపించడానికి తనిఖీ పెట్టె ఇంకొకటి. "ఎట్ల మెరుస్తాండాయో చూడన్నా! పిల్లోళ్లు ఎప్పుడన్నా ముట్టుకుంటే కదా" అని ఆమే నవ్వేది. ఇక వాన పెట్టె. బడిది రేకుల కప్పు. వాన పడితే పక్కవాడి మాట కూడా వినపడదు. అందుకని దాంట్లో అన్నీ నోరు తెరవకుండా ఆడే ఆటలే. బొమ్మకు మాట జతచేయడం, ముక్కలైన వాక్యాన్ని పేర్చడం.

"పాఠాలదేముందన్నా, పుస్తకంలో వరసగానే ఉంటాయి. రోజులే వరసగా రావు" అనేది.

ఆమె పోయాక వచ్చిన కొత్త సారు, బడి బీరువాలోని ఆ పెట్టెలన్నీ ఆటోలో వేసుకుని నా దగ్గరికి వచ్చాడు.

"పెద్దాయనా, ఇవన్నీ కలిపి తరగతులవారీగా ఫైళ్లలో పెట్టియ్యి. పెట్టెలు పాతసామాన్లకు వేసెయ్యి."

ఒకసారి కలిపేస్తే మళ్లీ విడదీయడం ఆమెకు తప్ప ఎవరికీ రాదు.

"చేస్తాలే సారూ. ఈ వాన పెట్టె ఒకటి మీకాడ పెట్టుకోండి. ఒక వాన పడినంక మిగతావి చూద్దాం."

"వాన పడకపోతే?"

"మన సీమలో అది కూడా ఉండాదిలే సారూ."

నవ్వుకుంటూ తీసుకుపోయాడు. సెంటు పొలం లేనివాణ్ని, ఆ వారమంతా రైతులకన్నా ఎక్కువగా ఆకాశం చూశాను.

మొన్న మధ్యాహ్నం అహోబిలం కొండల వైపు నల్లబడి, వాన దంచి కొట్టింది. మరుసటి రోజు సారు వచ్చి మిగిలిన పెట్టెలన్నీ కలపనీయకుండా అట్లాగే ఆటోలోకి ఎక్కించుకున్నాడు. వాన పెట్టెలోని మేక బొమ్మ కార్డు పిల్లల చేతుల్లో మూల చిరిగిందని, మళ్లీ లామినేషన్ చేయమన్నాడు. చేసిచ్చాను.