రంగుల బాబాయి చూసిన తెలుపు

వీధివాళ్లంతా రంగుల బాబాయి అని పిలిచే ఆ పెద్దాయనకు గోడలకు రంగులు వెయ్యడం తప్ప మరో పని తెలియదు. దుకాణంలో రంగులు కలిపే మిషను వచ్చినా దాని మొహం చూడలేదు. బకెట్లో తెల్లరంగు పోసి, నీలమో పసుపో చుక్కలుగా వేసి కర్రతో తిప్పేవాడు. పాత గోడకు ఆయన అతుకు వేస్తే, అదెక్కడుందో ఇంటివాళ్లు వేలితో తడిమి వెతుక్కోవాల్సిందే.

అలాంటి మనిషి మూలింటి టీచరమ్మ ముందుగదిలో తెల్లగోడకు అతుకు వేసి వచ్చాడు. మర్నాడే ఆవిడ కబురు పంపింది, గోడ మీద మీగడరంగు మచ్చ పడిందని. ఆయన వెళ్లి చూసి, గోడంతా ఒక్కటే రంగని వాదించాడు. గదిలో వెలుతురు చాలదన్నాడు, డబ్బాలో కల్తీ అన్నాడు, చివరికి టీచరమ్మనే కళ్లద్దాలు మార్చుకోమన్నాడు. ఆవిడ నొచ్చుకుని తలుపేసుకుంది.

ఇంటికొచ్చి రుసరుసలాడుతుంటే ఆయన భార్య, వీధికంతటికీ పిన్ని, అంతా విన్నది. ఎదురుగా బండి దీపం వస్తే ఈయన రోడ్డు మీద నిలబడిపోవడం, బల్బు చుట్టూ వెలుగు విచ్చుకుపోతోందని గొణగడం, నీలం చొక్కా అడిగితే బూడిదరంగుది తేవడం ఆవిడ ఎప్పటినుంచో గమనిస్తూనే ఉంది.

"కల్తీ డబ్బాలో లేదు, మీ కళ్లల్లో ఉంది. రేపు ఆసుపత్రికి పదండి," అంది.

"నా కళ్లకేమే, గుండ్రాళ్లలా ఉంటేను."

"గుండ్రాళ్లకి చూపెక్కడిది?"

కంటి డాక్టరమ్మ లైటు వేసి చూసి, రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయంది. కంటిపాప వెనక అద్దంలాంటి కటకం వయసుతో పసుపెక్కి మసకబారుతుందట. మెల్లమెల్లగా ముదురుతుంది కాబట్టి మనిషికి తెలియనే తెలియదట. చుక్కల మందుతో కరిగేది కాదు, తీసేసి కొత్తది పెట్టడమే వైద్యం. ముందు ఒక కంటికి, కొన్నాళ్లకు రెండోదానికి.

బాబాయి కుర్చీ వెనక్కి జరిపాడు. "మసకైనా ఇది నా కన్నమ్మా. దీంతోనే తింటున్నాను. కొత్తది రంగులు తేడాగా చూపిస్తే నా పనేం కాను?"

రంగుల్ని పట్టేది కంటి లోపలి తెర అనీ, అది నిక్షేపంగా ఉందనీ, తాము మార్చేది ముందున్న మాసిన అద్దాన్నేననీ ఆవిడ నచ్చజెప్పింది. ఆయన తల ఊపాడు గాని ఆపరేషను రోజు దాకా కుంచె ముట్టలేదు.

భయపడినంత నొప్పేమీ లేదు. మందు చుక్కలకు కన్ను మొద్దుబారింది, వెలుగులేవో నీళ్లలో ఈదినట్టు కదిలాయి, అంతే. మర్నాడు పొద్దున్న నర్సు కట్టు విప్పింది.

బాబాయికి ఎదురుగా ఆసుపత్రి గోడ ఉంది. పాత కంటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. గోడ లోపల దీపం వెలిగించినట్టు తెల్లగా ఉంది. కొత్త కంటికి అడ్డం పెట్టుకున్నాడు. అదే గోడ టీ నీళ్లలో నానబెట్టి తీసిన గుడ్డలా ఉంది. మళ్లీ చెయ్యి మార్చాడు, మళ్లీ మార్చాడు. నర్సు వేసుకున్న నీలం కోటు చూసి ఊపిరి బిగబట్టాడు. ఇంత నీలాన్ని ఆయన ఏ బకెట్లోనూ కలపలేదు.

"ఏమే," అన్నాడు పిన్నితో, గుసగుసగా. "తెలుపు ఇలా ఉంటుందని మర్చేపోయాను."

ఎప్పుడూ ఏదో ఒకటి అంటించే పిన్ని ఆ పూట ఆయన చెయ్యి పట్టుకుంది.

దుమ్ములోకి పోవద్దనీ, కంట్లో నీళ్లు పడనివ్వొద్దనీ, వేళకు చుక్కలు వేసుకోవాలనీ డాక్టరమ్మ చెప్పింది. అన్నీ పాటించాడు గాని కాలు నిలవక టీచరమ్మ ఇంటికి వెళ్లాడు. గుమ్మంలోంచే కనబడింది, తెల్లగోడ మీద మీగడరంగు మచ్చ. కొత్త కన్ను మూస్తే మాయమైంది, తెరిస్తే ప్రత్యక్షమైంది.

"అద్దాలు మార్చుకోవాల్సింది మీరు కాదు టీచరమ్మా, నేను. ఒకటి మార్చుకున్నా."

ఆవిడ నవ్వి కుర్చీ వేసింది.

పని చేసుకోవచ్చని డాక్టరమ్మ అన్నాక, ఆ గోడ ముందే బకెట్ పెట్టుకుని తెల్లరంగు కలిపాడు. పాత కన్ను మూసుకుని చూసి, ఒక్క చుక్క నీలం వేశాడు. అతుకు ఆరిన తర్వాత టీచరమ్మ గోడ దగ్గరకు జరిగి, వంగి, ఎంతకీ కానరాక వేలితో తడిమింది.

"కాస్త ఎడమకి," అన్నాడు బాబాయి.