అమ్మ వేలితో ఎక్కిన గుట్ట

మా అన్నను నేను చూడలేదు. నేను పుట్టకముందే, ఏడాదైనా నిండకుండానే పోయాడు. అప్పుడు మావాళ్లు బీదర్ జిల్లా చిట్గుప్పలో ఉండేవారు. అమ్మ చర్చి తరఫున ఊరూరా తిరిగి ఆడవాళ్లకు వాక్యం చెప్పే బైబిలు స్త్రీ. పిల్లాడికి జ్వరం ముదిరితే అమ్మా నాన్నా బీదర్ దవాఖానాకని కాలిబాటన బయల్దేరారు. దారిలోని మన్నళ్ళి ఊరు ఇంకా రాకముందే వాడు అమ్మ భుజం మీద ప్రాణం వదిలాడు. ఒకటే వాన. వాగు పొంగి ముందుకు పోనివ్వలేదు. ఒడ్డున ఉన్న గుట్ట మీద నాన్నే గుంట తవ్వి, ప్రార్థన చేసి పూడ్చిపెట్టాడు. గుర్తుకు రాయి కూడా పాతలేదు.

ముసలితనంలో అమ్మకు ఒకటే పట్టు పట్టుకుంది. తను పోయినప్పుడు శవపెట్టె మీద మేమంతా తలా పిడికెడు మన్ను వేస్తాం కదా, అందులో ఒక్క పిడికెడు ఆ గుట్ట మన్ను ఉండాలట. నాన్న అప్పటికే లేడు. ఆ చోటు తెలిసింది ఇక ఆమెకొక్కదానికే. ఒకసారి జీపు మాట్లాడుకుని వెళ్లాం. బస్సు రోడ్డు వేరే దిక్కున పడింది, పాత బాటను ఎవరో దున్నేసుకున్నారు. మోకాళ్లు పట్టేసిన మనిషిని ఎన్ని గట్లని దాటిస్తాం? నేనే విసిగిపోయి "ఇగ సాలు, పోదాం పా" అన్నాను. అమ్మ జీపులో వెనక్కి తిరిగి ఆ దిక్కే చూస్తూ కూర్చుంది.

అవి హైదరాబాద్ వెలిగిపోతున్న రోజులు. బీదర్‌లో నాలుగక్షరాలు వచ్చినవాడల్లా పొద్దున రైలెక్కి అటే పరుగు. అలా పోయేవాళ్లకు కంప్యూటర్ నేర్పే సెంటర్‌లో నేను పాఠాలు చెప్పేదాన్ని. అప్పుడే ఇంటర్నెట్‌లో, ఏ ఊరినైనా పైనుంచి చూపించే తిరిగే భూగోళం కొత్తగా వచ్చింది. పిల్లలు పాఠం గాలికొదిలి అందులో హైదరాబాద్ మేడలు వెతుకుతుంటే కసురుకునేదాన్ని. అదే భూగోళం ముందు, ఒక ఆదివారం ఆరాధన కాగానే, ఆ గుట్టను వెతుకుదామని అమ్మను సెంటర్‌కు తెచ్చి కూర్చోబెట్టాను.

మొదట ఫొటో పటం తెరుచుకుంది.

"ఏందే గిది? సాప మీద జొన్నపిండి ఒలికినట్టున్నది."

"మన భూమే అమ్మా. పైకెళ్లి ఫొటో తీసిన్రు."

"పైకెళ్లి సూస్తె గిట్ల కనవడ్తమా? గందుకే దేవుడు మనల గుర్తువడ్తలేడు."

జీవితమంతా దేవుడి గురించి చెప్పిన మనిషి అనే మాటేనా అది! నేను ఫక్కున నవ్వాను. తను నవ్వలేదు.

పక్కనున్న బొత్తాం నొక్కి రోడ్ల పటానికి మార్చాను. తెల్లకాగితం లాంటి దాని మీద రెండే రెండు గీతలు, ఊళ్ల పేర్లు. "నేను రోడ్డు మీద నడిసిన్నా?" అని అమ్మ చిరాకుపడింది. సరే అని మూడోది, గుట్టలూ పల్లాలూ నీడలతో చూపించే పటం పెట్టాను. అమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. తెర మీద వేలు పెట్టి, చిట్గుప్ప దగ్గర మొదలుపెట్టి, మెల్లగా పైకి జరపసాగింది.

"గీడ ఎక్కుడు... గీడ నాకు దమ్మొస్తుండె, మీ నాయిన పిలగాన్ని అందుకున్నడు. గిప్పుడు దిగుడు. మల్ల నేనే ఎత్తుకున్న." వాగు వంపు తిరిగే చోట, చిన్న ఉబ్బు మీద వేలు ఆగింది. "గీడనే."

"పక్కానా అమ్మా?"

"కాళ్లు మర్వయి బిడ్డా."

ఆ వేలు తీయనే లేదు. ఆమె ముఖంలో అంత వెలుగు నేనెన్నడూ చూడలేదు. రేపే పోదామంది. నాకైతే ఆ క్షణమే జీపు పిలవాలనిపించింది. "గిప్పుడు ఆడ ఏమేసిన్రో సూపియ్యి, కందులా జొన్నలా," అని తనే అడిగింది. ఉత్సాహంగా మళ్లీ ఫొటో పటం నొక్కి, ఆ చోటును దగ్గరికి లాగాను.

గుట్ట లేదు. దాని స్థానంలో ఎర్రటి గొయ్యి, అంచుల్లో టైర్ల జాడలు, లోపల ఒక టిప్పర్. నీడల పటం ఎన్నేళ్ల నాటి కొలతలదో!

వెంటనే వెనకటి పటం పెట్టేద్దామనుకున్నాను, అప్పటికే అమ్మ చూసేసింది.

"గీ ఎర్రటిదేంది?"

"మొరం మన్ను కోసం తవ్విన్రమ్మా."

"గుట్టనా?"

"గుట్టనే."

మేము జీపులో తిరిగిన రోజు ఆ గుట్ట ఇంకా ఉండే ఉంటుంది. ఇంకో రెండు గట్లు ఆమెను వీపున వేసుకుని దాటిస్తే నా సొమ్మేం పోయేది?

అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

"తవ్వినది తీస్కపోయి యాడ ఏస్తరు?"

"రోడ్లకమ్మా. హైదరాబాద్ దిక్కు రోడ్లకు, ప్లాట్ల వెంచర్లకు."

"అయితె యాడనో ఒకాడ ఉన్నడు గదా," అంది. "గా రోడ్డు ఏదో సూపియ్యి బిడ్డా."

రోడ్ల పటం నొక్కాను. బీదర్ నుంచి హైదరాబాద్ దాకా తెర నిండా గీతలే. అమ్మ వేలు చాపింది. ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని కూర్చుంది.