మా బావ చెప్పని సాక్ష్యం

మా బావ ఏసుదానం తాపీమేస్త్రి. తాగుడు మానేసి బాప్తిస్మం తీసుకుని చాలా ఏళ్లయింది. గజపతినగరం చుట్టుపక్కల ఏ సంఘంవాళ్లు ఉజ్జీవ సభలు పెట్టినా సాక్ష్యానికి ఆయన్నే పిలుస్తారు. ఒకప్పుడు తాగొచ్చి మా అక్క లీలారాణి చెయ్యి విరగ్గొట్టిన సంగతి చెప్తాడు. తలుపు తన్నడం దగ్గర మొదలుపెట్టి ఎముక విరిగిన చప్పుడు దాకా వచ్చేసరికి సగం పందిరి కళ్లు తుడుచుకుంటుంది. దేవుడు మార్చిన మనిషే, కాదనను. కానీ ఆ చెయ్యి మా అక్కది. ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చుని ప్రతిసారీ ఆ దెబ్బ మళ్లీ తినేది అక్కే. నాకు ఒళ్లు మండిపోయేది.

ఈ ఏడు సభలకు ముందు అక్క సంతకెళ్లింది. ముక్కూమొహం తెలియని ఆవిడెవరో వచ్చి, చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేనా అమ్మా ఆ సెయ్యి?" అని అడిగిందట. అక్క ఏమీ కొనకుండానే ఇంటికొచ్చేసింది.

ఆ సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. అక్క అరవలేదు. బావకు అన్నం వడ్డించి, నెమ్మదిగానే చెప్పింది.

"నీ పాపం దేవుడు మర్సిపోనాడు. నేనూ మర్సిపోదామనే సూస్తన్నాను. నువ్వే మైకు అట్టుకుని గుర్తు సేస్తన్నావు. ఈపాలి ఆ మాట సెప్తే నేనింక నీతో సర్చికి రాను."

బావ సగం అన్నం వదిలేసి లేచాడు. అక్క అన్నంత పనీ చేస్తుందని ఆయనకు తెలుసు. ఆ రోజు నుంచి దిగులు పట్టుకుంది. పనిలో మనసు నిలవక ఒక గోడ వంకరగా కట్టి, మళ్లీ పడగొట్టాడు. ఆ సాక్ష్యం తీసేస్తే ఇంక నా దగ్గర ఏటుందిరా అని నన్నడిగాడు. నాకేం తెలుసు! జ్వరమని కబురు పెడదామనుకున్నాడు, పాస్టరుగారితో అబద్ధం చెప్పే ధైర్యం లేకపోయింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది ఆయన పని.

సభకు ముగ్గురం నా ఆటోలోనే వెళ్లాం. పాస్టర్ ఎజ్రాగారు పిలవగానే బావ వెళ్లి మైకు పట్టుకున్నాడు. మొదలుపెట్టకుండా మైకు తీగ సర్దుతూనే ఉన్నాడు. ముందు వరసలో ఒకాయన ప్రేమగానే అందించాడు, చెయ్యి విరగ్గొట్టిన కాడ్నుంచి మొదలుపెట్టమని. అటు అక్క లేచి నిలబడింది.

"అది ఇంక సెప్పను," అన్నాడు బావ. "నిన్న గోడ వంకరొచ్చినాదని ఓనరు నలుగుర్లో తిట్టినాడు. సానా కోపం వచ్చినాది. ఇంటికొచ్చి ఎవుల మీదా సూపించనేదు. అన్నం తిని తొంగున్నాను. దేవుడికి స్తోత్రం."

అంతే. పందిట్లో ఎవరో దగ్గారు. పాస్టరుగారు గబగబా పాట ఎత్తుకున్నారు. అక్క మళ్లీ కూర్చుంది.

తిరిగొస్తుంటే బావ వెనక సీట్లో ముడుచుకుని కూర్చున్నాడు. ఇంక తనను ఎవరూ పిలవరన్న బెంగ మొహంలోనే తెలుస్తోంది. ఊరు దగ్గరపడ్డాక అక్క అడిగింది.

"మళ్లీ ఏడు పిలిస్తే ఏటి సెప్తావు?"

బావ భయంభయంగానే అన్నాడు.

"ఏటో. సెప్పాల్సినది ఇంకా జరగనేదు కదే."