బ్యాటరీ కేసులో రామచంద్రంగారి విచారణ

రామచంద్రంగారికి ఒక్కటే జబ్బు. కారు మొరాయించిందంటే ఆయన ముందుగా బానెట్ ఎత్తడు, ఆ కారెక్కిన మనుషులను నిలదీస్తాడు. "బండ్లు అబద్ధమాడయి, మనుషులే ఆడ్తరు" అనేది ఆయన సిద్ధాంతం. బస్సు డిపోలో ముప్పై ఏళ్ళు కరెంటు పని చేసి రిటైరైన మనిషి. గోపన్‌పల్లిలో ఆ అపార్టుమెంటు లేచిన నేల ఒకప్పుడు వాళ్ళ జొన్నచేను. అందుకని సెల్లారులో నిలిచిన ప్రతి కారూ తన కొట్టంలో కట్టేసిన గొడ్డే అన్నట్టు చూసుకుంటాడు. పైసా పుచ్చుకోడు. చిక్కంతా అక్కడే. ఊరికే చేసిపెట్టే మనిషిని త్వరగా కానీయమని ఎవరు మాత్రం అనగలరు?

అశ్వినికి ఆ ఖర్మ జూన్ నెలలో పట్టింది. ప్రొద్దుటూరు పిల్ల, ఫైనాన్షియల్ డిస్ట్రిక్టులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సోమ, మంగళవారాలు ఆఫీసు, తక్కిన రోజులు ఇంట్లోంచే పని. వరసగా మూడు సోమవారాలు కారు తాళం తిప్పితే 'టిక్' అని ఊరుకుంది. కొత్త బ్యాటరీ వేయించినా అదే తంతు. క్యాబుల సంగతి చెప్పనే అక్కర్లేదు, చినుకు పడితే చాలు ముగ్గురు డ్రైవర్లు వరసబెట్టి క్యాన్సిల్ కొడతారు. వచ్చే సోమవారం తొమ్మిదింటికి క్లయింట్లు వస్తున్నారు. "ఈసారీ బ్యాటరీ కథే చెబితే ప్రాజెక్టు ఇంకొకరికి ఇస్తాను" అని మేనేజరు చాలా మర్యాదగా చెప్పాడు.

శుక్రవారం పొద్దున్నే వెళ్ళి రామచంద్రంగారి తలుపు కొట్టింది. ఆయన నోటుబుక్కు పట్టుకొని కిందికి దిగాడు.

"ఆదివారం ఏం తిన్నవ్ బిడ్డా?"

"నేనా అంకుల్?"

"కార్ల కూసొని ఏమన్న తిన్నవా అని. పాటలు విన్నవా? ఫోన్ గిట్ల చార్జింగ్ పెట్టినవా? జర యాది చేస్కో."

"మంగళవారం దిగినాక మళ్ళీ ఎక్కనే లేదు అంకుల్."

"అందరు గట్లనే అంటరు" అని రాసుకున్నాడు.

తరువాత వాచ్‌మన్ స్వామి వంతు.

"కారు తుడిచేటప్పుడు రేడియో పెట్టినవా?"

"తాళం నా దగ్గర యాడిది సార్?"

"తాళం ఉంటే పెట్టెటోనివే అన్నట్టు!"

స్వామి ఆ పూటంతా సెల్లారు వైపు రాలేదు. అశ్విని వెళ్ళి రామచంద్రంగారి భార్య నీలమ్మతో మొర పెట్టుకుంది. నీలమ్మ నవ్వింది. "నా బతుకే అంత బిడ్డా. పప్పు మాడితే గిన్నె దిక్కు సూడడు, నా వాంగ్మూలం తీస్కుంటడు."

శనివారానికి గానీ ఆయన బానెట్ ఎత్తలేదు. బ్యాటరీకి మీటరు తగిలించి ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి చూశాడు. ఏది పీకినా మీటరులో ముల్లు సున్నాకు దిగలేదు.

"కారు పండుకున్నంక ఎవలో కరెంటు తింటున్నరు" అన్నాడు గంభీరంగా.

గంటసేపు టార్చి పట్టుకొని అశ్వినికి చెయ్యి లాగేస్తోంది. "మెకానిక్‌ను పిలుస్తా అంకుల్."

"పిలువు. ఆయన ఇంకో బ్యాటరీ ఏస్తడు. బ్యాటరీ ఏం తప్పు జేసింది?"

అశ్వినికి ఒళ్ళు మండిపోయింది. "ఇది ఎవరు చేసినారో తెలిస్తే మాత్రం, ఈ జన్మలో వాళ్ళతో మాట్లాడను!"

అప్పుడే వాళ్ళమ్మ లక్ష్మీదేవి మజ్జిగ గ్లాసులతో వెనక నిలబడి ఉంది. నెల కిందటే కూతురి దగ్గరికి వచ్చింది. రామచంద్రంగారు కారు పుస్తకం కోసం డ్యాష్‌బోర్డు అర తెరిచాడు. లోపల వెంకటేశ్వరస్వామి పటం, దాని ముందు చిన్న ఎర్ర బల్బు వెలుగుతోంది.

"అమ్మ దుకాణంలో పెట్టించింది అంకుల్. తెరిస్తే వెలుగుతుంది, ఫ్రిజ్‌లో దీపం మాదిరి" అంది అశ్విని.

ఆయన పటం అద్దం మీద వేలు పెట్టి కాసేపు అట్లాగే ఉంచాడు. తరువాత లక్ష్మీదేవి వైపు తిరిగాడు.

"చెల్లె, మజ్జిగల అల్లం ఏసినవా?"

"ఏసినాన్నా."

నోటుబుక్కు మూసేశాడు. అశ్వినికి అరికాలి మంట నెత్తికెక్కింది. తనను మూడుసార్లు నిలదీశాడు, స్వామిని దొంగను చేశాడు, వాళ్ళమ్మనేమో అల్లం గురించి అడిగి వదిలేశాడు!

ఆదివారం ఆమెను సెల్లారులోకి రానివ్వలేదు. సాయంత్రం తాళం చేతిలో పెట్టి, "ఎలుక. వైరు కొరికింది" అన్నాడు. మూడు రోజుల విచారణ తేల్చింది ఎలుకనా? అశ్విని పళ్ళు నూరుకుంది. లక్ష్మీదేవి మాత్రం ఆ ఎలుకను ఏడు తరాల దాకా శపించింది.

సోమవారం కారు ఒక్క తిప్పుకే అందుకుంది. ఎనిమిదీ నలభైకల్లా అశ్విని ఆఫీసులో ఉంది. క్లయింట్లు మెచ్చుకున్నారు, ప్రాజెక్టు ఆమె దగ్గరే ఉండిపోయింది. సాయంత్రం కారెక్కి పార్కింగ్ చీటీ కోసం అర తెరిచింది. దీపం వైరు ఇప్పుడు డ్యాష్‌బోర్డులోకి పోవడం లేదు. పటం వెనక సబ్బుపెట్టంత చార్జింగ్ బ్యాటరీకి తగిలించి ఉంది. దాని మీద నోటుబుక్కు కాగితం ముక్క: 'ప్రతి శుక్రవారం చార్జింగ్.'

అశ్వినికి అనుమానం వచ్చింది. ఫోన్‌లో వీడియో ఆన్ చేసి, లోపల పెట్టి, అర మూసింది. తీసి చూస్తే చీకట్లో దీపం నిక్షేపంగా వెలుగుతోంది. మూసినా అది ఆరేది కాదన్నమాట! ఆఫీసుకు పోని ఐదు రోజులూ కారు బ్యాటరీని తాగింది అదే.

నేరుగా రామచంద్రంగారి దగ్గరికి వెళ్ళింది. "ఎలుక ఏది అంకుల్?"

"పోయింది."

"శనివారమే మీకు తెలుసు కదా! మాకెందుకు చెప్పలేదు?"

"పటం వెచ్చగ తగిలింది, తెలిసింది. కానీ నువ్వు జన్మల మాట్లాడనంటివి, అమ్మ ఎనకనే ఉండె. దుకాణపాయనను పట్టుకొని యాభై ప్రశ్నలడిగిన. బిడ్డ ఒక్కతే బండి నడుపుతది, దేవుని చీకట్ల పెట్టొద్దు, దీపం ఆరకుంట కనెక్షన్ ఇయ్యమని మీ అమ్మ బతిమిలాడిందంట."

అశ్వినికి అంత కోపమూ ఎటు పోయిందో తెలియలేదు.

"మరి ఎలుక పేరు ఎందుకు చెప్పినారు?"

"ఎలుకనైతే ఎంత తిట్టినా ఫికర్ లేదు బిడ్డా. దాని మనసు నొవ్వదు."

ఆమె మెట్లెక్కుతూనే ప్రతి శుక్రవారానికి ఫోన్‌లో అలారం పెట్టుకుంది. ఇంట్లో లక్ష్మీదేవి నేల మీద కూర్చుని కొత్త ఎలుకల బోనులో టమాటా ముక్క గుచ్చుతోంది.

"సెల్లార్లో పెట్టొస్తా పాపా. నీ కారు కొరికినదాన్ని ఇడిసిపెట్టేది ల్యా!"

అశ్విని పక్కనే కూర్చుంది.

"టమాటాకు రాదులేమ్మా, బాగా తెలివిగల ఎలుక" అంటూ బోను తన ముందుకు లాక్కుని, ఎండుకొబ్బరి ముక్క వెతికి తనే గుచ్చింది.