జంపని దారిలో టెస్ట్ రైడ్

2022 డిసెంబరు. కోతలయ్యాక రోడ్ల మీద వడ్లు ఆరబోసే రోజులు. తెనాలిలో మా సెకండ్ హ్యాండ్ బైకుల షాపుకి సుధాకర్ మాస్టారు, ఆయన భార్య సునీతమ్మ వచ్చారు. నేను కిరాణా కొట్లో గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. మా బాబాయిది స్టీలు సామాను, మేనమామది చెప్పుల షాపు. మనిషి గుమ్మం ఎక్కుతుంటేనే బేరం ఎక్కడ తెగుతుందో చెప్పగలనని నాకో నమ్మకం. ఆ నమ్మకం వల్ల ఎన్నిసార్లు మునిగానో ఇంట్లో కూడా చెప్పను.

మాస్టారి స్కూలు రేపల్లెకి ఇవతల, లోపలి ఊళ్లో. వేళకి బస్సు లేదు. అంతకుముందు ఏడాది కోతల రోజుల్లోనే, ఎదురొచ్చిన లారీకి దారి ఇద్దామని బండి ఆపితే, కింద పెట్టిన కాలు వడ్ల మీద జారి చీలమండ విరిగింది. ఎముక అతుక్కుంది గానీ ఆయన మళ్లీ హ్యాండిల్ ముట్టుకోలేదు. తోటి మాస్టారి బండి వెనక కూర్చుని వెళ్తూ వచ్చారు. ఇప్పుడా మాస్టారికి బదిలీ అయింది.

"ఈయన బండి నడపకపోతే మేం రేపల్లె మారిపోవాలండి," అంది సునీతమ్మ. "నాకిక్కడ టైలరింగ్ షాపుంది. కొలకలూరు నుంచి కూడా వచ్చి కుట్టించుకుంటారు. అక్కడికెళ్లి మళ్లీ మొదట్నుంచీ మొదలెట్టాలా?"

మాస్టారి కళ్లు మాత్రం నల్లటి మూడు వందల యాభై సీసీ బండి మీదే ఉన్నాయి. "బరువున్న బండైతే రోడ్డుని పట్టుకుని ఉంటుంది కదండీ. ఆదివారం చర్చి అయ్యాక బాపట్ల సముద్రం దాకా హాయిగా పోవచ్చు."

ఆ బండి ఎన్నాళ్లుగానో కదలకుండా నా షాపులో చోటు తింటోంది. "మీకు తెలిసినంత మా మెకానిక్కి కూడా తెలీదు మాస్టారూ," అన్నాను.

సునీతమ్మ పక్కనున్న నూటపది సీసీ బండి చూపించింది. "మరి ఇదో?"

"అది పాలవాళ్ల బండి," అన్నారాయన. నేను నల్ల బండి సీటు మీద దుమ్ము తుడిచాను.

మా షాపులో టెస్ట్ రైడ్ అంటే, కొనేముందు సిమెంటు రోడ్డు మీద వంతెన దాకా నడిపి చూసుకోవడం. ఆ రోడ్డు మీద ఏ బండైనా బాగానే పోతుంది. మేం దాన్ని ఊరికే ఎంచుకోలేదు.

"అక్కడ కాదండీ, జంపని వైపు పోదాం. ఈయన రోజూ పోవాల్సింది అటే," అంది సునీతమ్మ.

"అంత దూరం పెట్రోలు ఎవరిదమ్మా?"

"అమ్ముకునేది మీరు కదా అన్నయ్యగారూ."

ఒక్క పిలుపుతో నన్ను అన్నయ్యని చేసి, పెట్రోలు నా నెత్తిన వేసింది. మా ఇంట్లో పుట్టాల్సిన మనిషి అనుకున్నాను.

పెద్ద బండి మీద వాళ్లిద్దరూ, వెనకాల చిన్న బండి మీద నేనూ బయల్దేరాం. ఊరు దాటాక మాస్టారి భుజాలు కాస్త వదులయ్యాయి. బండి అమ్ముడుపోయినట్టే అని నేను పాట కూడా అందుకున్నాను. జంపని ఇంకా రాకముందే సగం రోడ్డు వడ్లు. ఎదురుగా బస్సు. మాస్టారు ఆగారు. వెనక్కి జరిగితే తప్ప బస్సుకి దారి లేదు. ఆయన కాళ్లేమో వేళ్ల కొసల మీద ఆనుతున్నాయి. బండి అంగుళం కూడా కదల్లేదు. బస్సు హారన్ కొడుతోంది. సునీతమ్మ కిందకి దిగింది, నేను పరిగెత్తాను. ఇద్దరం పట్టుకుని వెనక్కి లాగాం.

వడ్లు తిరగేస్తున్న ఒక పెద్దావిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది. "బండి కొన్నావా నాయనా, బర్రెని కొన్నావా? నా వడ్లు తొక్కమాకండి!"

"ఇంకా కొనలేదు మామ్మా," అన్నారు మాస్టారు.

"అయితే బతికావు ఫో."

బస్సు వెళ్లిపోయింది. మాస్టారు బండికి స్టాండు వేసి దిగిపోయారు. "నా వల్ల కాదు సునీతా. రేపల్లెలో ఇల్లు చూద్దాం," అన్నారు. ఆమె చీరకంటిన దుమ్ము దులుపుకుంటూ ఉండిపోయింది.

మా వ్యాపారంలో కెర్బ్ వెయిట్ అని ఒకటి ఉంటుంది. పెట్రోలూ ఆయిలూ పోసి, నిలబెట్టిన బండి మొత్తం బరువు. షాపులో దాని గురించి ఎవరూ అడగరు, మేమూ చెప్పం. "పోతున్నప్పుడు ఆ బరువు మనల్ని మోస్తుంది మాస్టారూ, ఆగితే దాన్ని మనం మొయ్యాలి," అన్నాను. "మీరు పడింది పోతూ కాదు, ఆగుతూ. ఒక్కసారి ఇది ఎక్కి చూడండి." ఆ మాటతో నల్ల బండి బేరం నా చేత్తో నేనే చెడగొట్టుకున్నాను.

చిన్న బండి మీద ఆయన రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనాయి. ఇంజను ఆపేసి, కూర్చున్నచోటు నుంచే కాళ్లతో ముందుకీ వెనక్కీ జరిపి చూసుకున్నారు. ఆ తర్వాత స్టార్ట్ చేసి నాలుగు బారలు పోయారో లేదో ట్రాక్టరు వచ్చింది. మాస్టారు వడ్ల అంచున ఆగి, కాలితో కింద తడిమి, గింజల్లేని చోట పాదం పెట్టారు. ట్రాక్టరు పక్కనుంచి పోయింది. ఆయన పడలేదు.

"ఎక్కు," అన్నారు భార్యతో.

"మరి ఆదివారం సముద్రం?"

"దీని మీదే పోదాంలే. పొన్నూరులో ఆగి టీ తాగొచ్చు."

బేరం మర్నాడు సునీతమ్మే ఆడింది. దాని వివరాలు నేను చెప్పను. ఆమె టైలరింగ్ షాపు ఇప్పటికీ తెనాలిలోనే ఉంది.

ఆ రోజు నుంచి నా అమ్మకం తీరు మారింది. ఇంతకుముందు బండి ఎంత వేగం పోతుందో, ఎంత మైలేజీ ఇస్తుందో నేనే ముందు మొదలుపెట్టేవాణ్ణి. ఇప్పుడు ముందు కొనేవాళ్లనే అడుగుతున్నాను, రోజూ వెళ్లే దారిలో ఎక్కడెక్కడ కాలు కింద పెట్టాల్సి వస్తుందని.   వాళ్లు చెప్పిన చోటికే బండి తీసుకెళ్తాను.